మెడ విరగని గిన్నెల మాప్: కడ్డీ, కుచ్చు, చెన్నై నీళ్లు

పొడుగు స్టీలు గ్లాసు, చెంబు, కాఫీ ఫిల్టరు, మిక్సీ జారు: ఇలా చెయ్యి లోపలికి పట్టని గిన్నెలకు, పిడి చివర నూలు కుచ్చు ఉన్న మాప్ మంచి సాధనం. పీచు పట్టుకున్న వేళ్లు గ్లాసు అడుగుకు అందవు. సీసా బ్రష్షు అడుగు మూలల్లోకి పోదు. కుచ్చును ఒత్తితే మాత్రం విచ్చుకుని అడుగంతా పరుచుకుంటుంది. అయినా చెన్నై వంటిళ్లలో ఇది ఎక్కువ కాలం నిలవదు. చెత్తబుట్టకు చేరిన మాప్‌ను చూస్తే చాలాసార్లు కుచ్చు ఇంకా పనికొచ్చేలాగే ఉంటుంది. కుచ్చుకూ పిడికీ మధ్యనున్న మెడ వంగిపోయో, తుప్పు పట్టో, పిడి నుంచి ఊడిపోయో ఉంటుంది. అరగాల్సిన భాగం అరక్కముందే, అరగకూడని భాగం పోతోందన్నమాట. ఈ వరుసను తిరగెయ్యడమే గట్టి మాప్ తయారీలో అసలు పని. కుచ్చు అరిగితే మార్చుకునే వీలుండాలి, మిగతాది ఏళ్ల తరబడి కదలకూడదు.

మెడ మీద పడే బరువు

బజారులో దొరికే మాప్‌లలో చాలావాటి నిర్మాణం ఒకటే. రెండు జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగల మధ్య పోగులు పెట్టి తీగలను మెలి తిప్పుతారు. ఆ మెలిక చివరను ప్లాస్టిక్ పిడిలోనో చెక్క పిడిలోనో దిగ్గొడతారు. సీసా బ్రష్షుకు ఈ పద్ధతి సరిపోతుంది, ఎందుకంటే దాన్ని ముందుకీ వెనక్కీ తోస్తాం. బలం తీగ పొడవునా పోతుంది. మాప్‌ను వాడే తీరు వేరు. దాన్ని గ్లాసు గోడకు ఆనించి, పక్కకు ఒత్తి తిప్పుతాం. ఆ ఒత్తిడంతా మెలిక పిడిలోకి దిగే చోట, ఆ ఒక్క గీత దగ్గర, వంపుగా పడుతుంది.

లెక్క వేసి చూద్దాం. మామూలుగా తోమేటప్పుడు కుచ్చు కొన దగ్గర 2 కిలోల బరువంత ఒత్తిడి, అంటే దాదాపు 20 న్యూటన్లు పడిందనుకుందాం. కొన నుంచి పిడి అంచుకు దూరం 80 మి.మీ. అప్పుడు మెడ మొదట్లో పడే వంపు బలం 1,600 న్యూటన్ మిల్లీమీటర్లు. దాన్ని రెండు 2 మి.మీ. తీగలు పంచుకుంటే ఒక్కో తీగ పైపొర మీద దాదాపు 1,000 మెగాపాస్కల్స్ (చదరపు మి.మీ.కు అన్ని న్యూటన్లు) ఒత్తిడి పడుతుంది. మెత్తటి జీఐ తీగ 250, 300 దగ్గరే లొంగిపోయి, వదిలినా మళ్లీ నిటారు కాదు. మెలిక వల్ల తీగలు ఒకదాన్నొకటి పట్టుకుని కాస్త ఆదుకుంటాయి గానీ, మూడు రెట్లకు పైగా ఉన్న తేడాను పూడ్చేంత కాదు. అందుకే మెడ వంగుతుంది. వంగినదాన్ని చేత్తో సరిచేస్తాం, మళ్లీ వంగుతుంది. అలా అటూ ఇటూ వంగినచోట లోహం గట్టిపడి, పెళుసెక్కి, ఒకరోజు పుటుక్కున విరుగుతుంది.

గుండ్రటి కడ్డీ వంపుకు తట్టుకునే శక్తి దాని వ్యాసపు ఘనంతో పెరుగుతుంది. 2 మి.మీ. తీగ బదులు 3 మి.మీ. తీగ వేస్తే బలం 3.4 రెట్లవుతుంది, పైన చెప్పిన ఒత్తిడి 300కు దిగుతుంది. అంటే ఇంకా హద్దు మీదే. రెండు తీగల మెలికను వదిలేసి ఒకే 6 మి.మీ. కడ్డీ పెడితే అదే ఒత్తిడి 75కు పడిపోతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బాగా మెత్తబడిన స్థితిలో కూడా 200 దాకా వంగదు. ఇక్కడ నిశ్చింతగా నిలబడేది ఈ కడ్డీయే. 20 న్యూటన్ల ఒత్తిడికి దాని కొన కదిలేది మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు.

బరువెక్కిపోతుందేమో అన్న అనుమానం సహజం. బిల్డింగు సైట్లలో మేస్త్రీలు వాడే సూత్రం ఇక్కడా పనికొస్తుంది: మిల్లీమీటర్లలో ఉన్న వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు కడ్డీ బరువు కిలోల్లో వస్తుంది. 6 మి.మీ. కడ్డీ మీటరుకు 0.22 కిలో. మాప్‌కు కావాల్సిన 320 మి.మీ. ముక్క 71 గ్రాములే.

మెడకు కాస్త స్ప్రింగులా ఊగే గుణం ఉంటేనే బాగా తోముతుందని కొందరు అంటారు. ఆ వాదన నిలవదు. ఊగాల్సింది పోగులు. మెడ ఊగితే చేతి కదలికలో కొంత కుచ్చును కదపకుండా తీగ వంపులోనే పోతుంది. తోమేవాళ్లు ఇంకా గట్టిగా ఒత్తుతారు, మెడ ఇంకా వంగుతుంది.

మెడ పొడవు తగ్గించడం ఇంకో మార్గం. దూరం సగమైతే ఒత్తిడీ సగమవుతుంది. స్టీలు గ్లాసు మూతి మామూలుగా 65 నుంచి 75 మి.మీ. ఉంటుంది కాబట్టి పిడి ముందు భాగాన్ని సన్నగా దించితే అది కూడా గ్లాసులోకి వెళ్తుంది. పొడుగు మెడ అక్కర్లేదు. ఫ్లాస్కుకు, సన్నమూతి నీళ్ల సీసాకు ఈ మాప్ పనికిరాదు. వాటికి సీసా బ్రష్షే సరైనది. రెండు పనులూ ఒకే సాధనంతో చేయించబోతే రెండూ చెడతాయి.

తుప్పు వెనక నీళ్లు

చెన్నైలో ఒకే ఇంటికి మూడు రకాల నీళ్లు రావచ్చు: మెట్రో వాటర్, బోరు, ట్యాంకరు. కండలేరు నుంచి పూండికి వచ్చే కృష్ణా నీళ్లు, చెంబరంబాక్కం చెరువు నీళ్లు కొంత మృదువుగానే ఉంటాయి. బోరు నీళ్లు అలా కాదు. తిరువాన్మియూరు, బెసెంట్ నగర్ వంటి తీరప్రాంతాల్లో భూగర్భ జలంలోకి సముద్రపు ఉప్పు చొరబడిన చోట్లున్నాయి. తాగునీటికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 250 మి.గ్రా. క్లోరైడు దాకా ఆమోదయోగ్యం. వేరే నీళ్లు లేనప్పుడు 1,000 వరకు సర్దుకోవచ్చు. కాఠిన్యానికి ఆ హద్దులు 200, 600. గిన్నెలు తోమే నీళ్లకు ఏ హద్దూ లేదు. తాగడానికి పనికిరాని బోరు నీళ్లే సింకులోకి వస్తాయి.

జీఐ తీగ మీద ఉన్నది జింకు పూత. జింకుకు ఆమ్లమూ పడదు, బాగా గాఢమైన క్షారమూ పడదు. చింతపండు పులుసు, పప్పుచారు, నిమ్మరసం దాన్ని పలచన చేస్తాయి. పూత పోయినచోట ఇనుము బయటపడుతుంది. దాని చుట్టూ ఎప్పుడూ తడిగా ఉండే నూలు. పోగుల లోపల ఉన్న లోహానికి గాలి తక్కువ, బయట ఉన్నదానికి ఎక్కువ. ఈ తేడా వల్లనే లోపలి భాగం ముందు తుప్పు పడుతుంది. పైకి తళతళలాడే తీగ కుచ్చు మొదట్లో తెగిపోవడానికి కారణం ఇదే. తెల్ల నూలు మీద గోధుమరంగు మరక కనిపించిందంటే లోపల సగం పని అయిపోయినట్టే.

కాబట్టి స్టెయిన్‌లెస్ తప్పదు. అయితే స్టెయిన్‌లెస్ అన్న మాట ఒక్కటే చాలదు. దుకాణంలో తక్కువ ధరకు దొరికేది చాలాసార్లు 200 సిరీస్. అందులో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, ఉప్పునీటికి త్వరగా మచ్చలు పడుతుంది. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. క్లోరైడు వల్ల పడే గుంటలను అది బాగా అడ్డుకుంటుంది. మెట్రో వాటర్ వాడే ఇంటికి 304 చాలు. ఉప్పు బోరు మీద ఆధారపడిన తీరప్రాంతపు ఇంటికి 316 కడ్డీకి పెట్టే అదనపు డబ్బు వృథా కాదు.

అయస్కాంతం పెట్టి చూసి కొనడం చెన్నైలోనూ ఉన్న అలవాటే. అది తప్పుదారి పట్టిస్తుంది. 200 సిరీస్‌లో బజారులో తిరిగే రకాలు కూడా అయస్కాంతానికి అంటవు. మరోవైపు అసలు 304 కడ్డీయే లాగి సన్నబరిచినప్పుడు, వంచినప్పుడు కొద్దిగా అంటడం మొదలుపెడుతుంది. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడమో, రంగు మారే పరీక్ష ద్రావణం ఉన్న దుకాణంలో కొనడమో మేలు.

పిడి: చెక్కా, ప్లాస్టిక్కా

చెక్క పిడి చేతికి హాయిగా ఉంటుంది. కానీ రోజుకు మూడుసార్లు తడిసి ఆరే చెక్క, తీగ పట్టును దానంతట అదే వదిలేస్తుంది. నానినప్పుడు చెక్క ఉబ్బుతుంది. తీగ చుట్టూ ఉబ్బడానికి చోటు లేక అక్కడి నారలు నలిగిపోతాయి. ఆరినప్పుడు ఆ నలిగిన నారలు మునుపటి కొలతకు రావు, రంధ్రం వదులవుతుంది. వదులైన సుత్తి పిడిని నీళ్లలో నానబెడితే ఆ పూటకు బిగిసి, ఆరాక మునుపటికన్నా వదులవడం కూడా ఇందువల్లే. చెన్నై గాలిలో ఏడాదిలో ఎక్కువ రోజులు 60 నుంచి 80 శాతం తేమ ఉంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. పిడి లోపలి రంధ్రం ఆరే అవకాశమే తక్కువ. టేకు కొంత నయం. రబ్బరు చెక్క బూజుకు, కుళ్లుకు సులభంగా లొంగుతుంది.

ప్లాస్టిక్‌లలో పాలీస్టైరీన్, ఏబీఎస్ పిడులు మెరుస్తూ గట్టిగా కనిపిస్తాయి. నూనె జిడ్డు, నిమ్మ వాసన వచ్చే ద్రవాల్లోని లిమోనీన్ వాటిని సన్నని పగుళ్లుగా చీలుస్తాయి. తీగ దిగిన చోట ప్లాస్టిక్ ముందే బిగువులో ఉంటుంది కనుక పగులు అక్కడే మొదలవుతుంది. పాలీప్రొపిలీన్, హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్) ఈ విషయంలో మొండివి. నూనెకు, సబ్బుకు అంత తేలిగ్గా పగలవు, మరిగే నీళ్లకు కరగవు. వాటికున్న లోపం వేరు: వాటికి ఏ జిగురూ సరిగా అంటదు. పైగా ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటే నెమ్మదిగా జరిగిపోతాయి. నున్నటి తీగను వాటిలో దిగ్గొడితే మొదట బిగువుగానే ఉండి, కొన్ని నెలలకు తిరగడం మొదలవుతుంది. కాబట్టి జిగురును నమ్ముకోకుండా, కడ్డీకి అడ్డంగా ఒక పిన్ను వెయ్యాలి.

పిడి మందం సంగతి చాలామంది పట్టించుకోరు. పిడికిలి బిగించి పట్టే సాధనానికి 30 నుంచి 40 మి.మీ. మందం చేతికి నప్పుతుంది. బజారు మాప్‌ల పిడులు 15, 18 మి.మీ. మాత్రమే ఉంటాయి. సబ్బు చేతిలో సన్నటి గుండ్రటి పిడి తిరిగిపోతుంది, దాన్ని ఆపడానికి వేళ్లు అనవసరంగా బిగుస్తాయి. పిడి కోలగా ఉంటే తిరగదు. మెత్తటి రబ్బరు తొడుగు మొదట బాగుంటుంది గానీ, జిడ్డుకు జిగటగా మారే రకాలు ఎక్కువ. తొడుగుకీ పిడికీ మధ్య చేరిన నీళ్లు మురుగుతాయి కూడా. దాన్ని వదిలేయడమే మంచిది.

కుచ్చులో ఏ పోగు

నూలుకు ఒక మంచి గుణం ఉంది: తడిస్తే బలం పెరుగుతుంది. చెక్క గుజ్జు నుంచి తీసే విస్కోస్ పోగు దీనికి సరిగ్గా వ్యతిరేకం; తడిస్తే బలం దాదాపు సగానికి పడిపోతుంది. కొత్తలో తెల్లగా, పట్టులా మెరిసే చవక కుచ్చులో విస్కోస్ కలిసి ఉండొచ్చు. అలాంటి పోగులు గుప్పెళ్లుగా రాలతాయి. పాలిస్టర్ నీళ్లు తాగదు, త్వరగా ఆరుతుంది, కానీ సబ్బు నురగను నూలులా పట్టి ఉంచలేదు. అరిగేకొద్దీ సన్నటి ప్లాస్టిక్ నూగు నీళ్లలోకి పోతుంది.

నూలుకున్న లోపం మెత్తదనం. తడిసిన నూలు కుచ్చు ఒక ముద్దగా అంటుకుపోయి, ఎండిన కాఫీ చారను కదపలేదు. లోపల గట్టి పోగులు కొన్ని ఉంటేనే కుచ్చు విచ్చుకుంటుంది. ఇందుకు నైలాన్ 6 కుంచె పోగులు వేస్తే అవి నీళ్లు పీల్చి మెత్తబడతాయి. టూత్‌బ్రష్షుల్లో వాడే నైలాన్ 6.12 చాలా తక్కువ పీలుస్తుంది. కానీ చెన్నైలో ఇంతకన్నా సులభంగా దొరికే సరుకు ఉంది: కొబ్బరి పీచు. అందులో లిగ్నిన్ (చెక్కకు గట్టిదనమిచ్చే పదార్థం) ఎక్కువ, అందుకే నీళ్లలో త్వరగా కుళ్లదు, తడిసినా బిరుసు పోదు. పొల్లాచ్చి వైపు నుంచి వచ్చే పొడుగు పీచు శుభ్రంగా ఉంటుంది. లోపల పీచు, బయట నూలు: ఈ జోడీ స్టీలుకు, గాజుకు సరిపడుతుంది. నాన్‌స్టిక్ పెనానికి పీచు వద్దు. నూలు ఒక్కటే చాలు.

కొత్త నూలు తాడును అలాగే కట్టకూడదు. ముడి నూలు మీద సహజమైన మైనం ఉంటుంది, నీళ్లు దాని మీద నిలవవు. లీటరు నీళ్లకు ఒక చెంచా వాషింగ్ సోడా వేసి పది నిమిషాలు మరిగిస్తే మైనం పోతుంది, తాడు కుదించుకోవాల్సిందంతా ముందే కుదించుకుంటుంది. ఈ పని చెయ్యకుండా కడితే మొదటి వారంలోనే పోగులు పొట్టివై, కట్టు వదులవుతుంది. కట్టడానికి నైలాన్ దారం పనికిరాదు, తడిస్తే సాగుతుంది. చెప్పులు కుట్టే మైనం పూసిన పాలిస్టర్ దారం సరైనది. తోలు సరుకుల అంగళ్లున్న పెరియమేటులో అది ఉండ లెక్కన దొరుకుతుంది.

తయారీ

సరుకులో ముఖ్యమైనది 6 మి.మీ. స్టెయిన్‌లెస్ కడ్డీ, 320 మి.మీ. పొడవు. పిడికి 32 మి.మీ. హెచ్‌డీపీఈ గుండ్రటి బారు, 120 మి.మీ. కుచ్చు కట్టడానికి అదే ప్లాస్టిక్‌తో 14 మి.మీ. వ్యాసం, 35 మి.మీ. పొడవున్న గొట్టపు ముక్క. ఇది పాడైపోదు గానీ, కుచ్చు మార్చేటప్పుడు రెండోది సిద్ధంగా ఉంటే పని సులువు కాబట్టి రెండు చేయించుకోవాలి. ఒక ఎం6 (6 మి.మీ. మరకు సరిపడే) నైలాన్ క్యాప్ నట్టు, 2 మి.మీ. స్టీలు పిన్ను ఒకటి, 3 మి.మీ. పిన్ను ఒకటి. నాలుగు పేటల 3 మి.మీ. నూలు తాడు, ఒక్కో కుచ్చుకు, మరిగించాక 4 మీటర్లు, కొబ్బరి పీచు 6 గ్రాములు. ప్యారీస్ కార్నర్ వీధుల్లో హార్డ్‌వేర్ సామాను, ప్లాస్టిక్ బార్లు రెండూ దొరుకుతాయి. లేత్ మీద చేయాల్సిన పని అంబత్తూరు, గిండీ పారిశ్రామిక ఎస్టేట్ల చుట్టుపక్కల ఉన్న ఏ లేత్ షాపులోనైనా చేస్తారు. ఒక్క ముక్కకు రమ్మంటే విసుక్కుంటారు, నాలుగైదు సెట్లు కలిపి ఇస్తే ఒప్పుకుంటారు.

కడ్డీ కొన నుంచి 12 మి.మీ. దాకా ఎం6 మర కొట్టించాలి. కొన నుంచి 41 మి.మీ. దగ్గర అడ్డంగా 2 మి.మీ. రంధ్రం. స్టెయిన్‌లెస్‌ను డ్రిల్లు చేసేటప్పుడు వేగం తక్కువ, ఒత్తిడి నిలకడగా, నూనె ధారాళంగా ఉండాలి. మొద్దు బిట్టుతో పైపైన రుద్దితే ఆ చోటు గట్టిపడి ఇక ఏ బిట్టూ దిగదు.

ఈ రంధ్రం ఎక్కడ వెయ్యాలన్నది మొత్తం డిజైన్‌లో అతి సున్నితమైన విషయం. 6 మి.మీ. కడ్డీకి 2 మి.మీ. రంధ్రం వేస్తే ఆ చోట వంపు బలంలో సగానికి పైగా పోతుంది, రంధ్రం అంచు దగ్గర ఒత్తిడి ఇంకో రెండింతలవుతుంది. కొన నుంచి 41 మి.మీ. దగ్గర వంపు బలం మెడ మొదట్లో ఉన్నదానిలో సగమే కనుక కడ్డీ తట్టుకుంటుంది. అదే రంధ్రం పిడి అంచు దగ్గర వేస్తే లెక్క 340 దాటిపోతుంది, కడ్డీ అక్కడే వంగుతుంది. మరను కొనకే పరిమితం చేయడానికీ ఇదే కారణం. మర గాడి కూడా ఒక గాటే. కడ్డీ వెనక కొనకు మర కొట్టి పిడిలో బిగించే డిజైన్లు విరిగేది పిడి ముఖం దగ్గరున్న మొదటి మర మీదే.

గొట్టపు ముక్కకు లోపల 6.2 మి.మీ. రంధ్రం, వెనక ముఖాన పిన్ను కూర్చునేలా 2.2 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. లోతు గాడి. ముక్కను కడ్డీకి తొడిగి నట్టు బిగిస్తే పిన్ను దాన్ని వెనక్కి జరగనివ్వదు, తిరగనివ్వదు. గ్లాసులో మాప్‌ను అటూ ఇటూ తిప్పుతాం కదా. గాడి లేకపోతే ఆ తిప్పుడుకు కుచ్చు తిరిగి, నట్టును తనతో పాటు విప్పుకుంటూ పోతుంది. స్టీలు మర మీద స్టీలు నట్టు వేయకపోవడానికి కారణం, అవి ఒకదానికొకటి పట్టేసి విడిపోవు. నైలాన్ నట్టు చేత్తోనే వస్తుంది, గిన్నెను గీకదు.

గొట్టం మీద చుట్టూరా రెండు గాళ్లు, 3 మి.మీ. వెడల్పు, 1.5 మి.మీ. లోతు: ముందు కొన నుంచి 8 మి.మీ. దగ్గర ఒకటి, 25 దగ్గర ఒకటి. తాడును 90 మి.మీ. ముక్కలు ఇరవై, 110 మి.మీ. ముక్కలు ఇరవై కోసి, ఒక్కోదానికి ఒక కొసన ముడి వెయ్యాలి. ముడులు పేటలు విడిపోకుండా ఆపుతాయి, తోమేటప్పుడు కాస్త గరుకునూ ఇస్తాయి. ముందు గాడి మీద కొబ్బరి పీచును చుట్టూ పరిచి, దాని మీద పొట్టి ముక్కలు ముందుకు చూసేలా పెట్టి, దారం పన్నెండు చుట్లు బిగించాలి. వెనక గాడిలో పొడుగు ముక్కలను పిడి వైపు చూసేలా కట్టి, తర్వాత ఒక్కొక్కటిగా ముందుకు తిరగెయ్యాలి. తిరగేసిన పొర రెండు కట్లనూ, గొట్టాన్నీ కప్పేస్తుంది. దారం గిన్నె అంచుకు ఒరుసుకోకుండా కాపాడేది ఈ పొరే. తాడును ఉచ్చుల్లా మడిచి కట్టే పద్ధతి కూడా ఉంది. పోగు రాలదు గానీ, మిక్సీ బ్లేడుకు, ఫోర్కుకు తగులుకుంటుంది. జారు కడిగే ఇంట్లో అది వద్దు.

పిడికి మధ్యలో పొడవునా 6 మి.మీ. రంధ్రం, కడ్డీ సుత్తి దెబ్బలకు గానీ దిగనంత బిగువుగా ఉండాలి. ముందు 30 మి.మీ. భాగం 18 మి.మీ. దాకా సన్నబరచాలి. రెండు పక్కలా ఆకురాయితో చదును చేసి మందం 26కు తేవాలి. గీతలు, గాళ్లు వద్దు, సబ్బు మడ్డి చేరుతుంది. గరుకు కాగితంతో పైపైన రుద్దితే చాలు. కడ్డీని మర లేని కొసతో పిడి ముందు నుంచి దించాలి, కొన నుంచి పిడి ముఖానికి 80 మి.మీ. మిగిలేదాకా. పిడి వెనక అంచుకు 15 మి.మీ. ఇవతల పిడినీ కడ్డీనీ కలిపి 3 మి.మీ. రంధ్రం వేసి పిన్ను కొట్టాలి. అక్కడ వంపు బలం దాదాపు ఉండదు కనుక రంధ్రం వల్ల నష్టం లేదు. చివరగా, వెనక మిగిలిన కడ్డీని వైసులో పట్టి, దాని కొసకు వేరే ఇనుప గొట్టాన్ని మీటలా తొడిగి వంచితే కొక్కెం అవుతుంది. ముందే వంచితే పిడి దూరదు; ఈ వరుస తప్పితే పని మళ్లీ మొదటికొస్తుంది. అంతా కలిపి పొడిగా 180 గ్రాముల లోపే.

పరీక్షలు

పిడిని బల్ల అంచున క్లాంపుతో అడ్డంగా బిగించి, కొనకు 5 లీటర్ల నీళ్ల క్యాను పది నిమిషాలు వేలాడదీయాలి. వాడకంలో పడే బరువుకు ఇది రెండున్నర రెట్లు. లెక్క ప్రకారం కడ్డీ మీద ఒత్తిడి 190 దగ్గరకు వెళ్తుంది, అంటే 304కు హద్దు దాటదు. క్యాను తీశాక స్కేలు ఆనిస్తే సందు కనిపించకూడదు. కనిపిస్తే కడ్డీ 304 కాదనో, 6 మి.మీ. లేదనో అనుమానించాలి. దుకాణంలో 6 అని ఇచ్చేది కొలిస్తే 5.5 ఉండటం అరుదేమీ కాదు. ఆ అర మిల్లీమీటరు తేడాకే బలం 23 శాతం తగ్గుతుంది.

తర్వాత పోగు పరీక్ష. కుచ్చును రాత్రంతా నానబెట్టి, ఒక్కో పోగుకూ కిలో బరువు కట్టి లాగాలి. ఊడితే కట్టు తప్పు. తెగితే నూలు తప్పు. తుప్పు కోసం లీటరు నీళ్లలో 50 గ్రాముల ఉప్పు కలిపి రాత్రి నానబెట్టడం, పగలు గాలికి ఆరబెట్టడం, వారం రోజులు. పిన్ను చుట్టూ, గొట్టం కింద చూడాలి. మచ్చ మొదలయ్యేది బయట కాదు, ఇలాంటి ఇరుకుల్లోనే. కడ్డీ 304 పెట్టి పిన్నులకు ఏదో మేకు ముక్క వాడితే ఈ పరీక్షలో వెంటనే దొరికిపోతుంది.

వాడకం

మాడిన అడుగును ఈ మాప్‌తో గీకకూడదు. అక్కడ చెయ్యి ఆరేడు కిలోల బలంతో ఒత్తుతుంది. కడ్డీ మీద ఒత్తిడి హద్దు దాటవచ్చు, కుచ్చూ తట్టుకోదు. వేడినీళ్లు పోసి నానబెట్టి స్టీలు పీచుతో తోమాలి. పొయ్యి మీంచి అప్పుడే దించిన మూకుడులో కూడా పెట్టవద్దు, హెచ్‌డీపీఈ 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మరిగే నీళ్లతో ఇబ్బంది లేదు. వారానికోసారి కుచ్చును విప్పి ఐదు నిమిషాలు మరిగిస్తే జిడ్డు, నీసు వాసన పోతాయి. బ్లీచింగు ద్రవం వద్దు. అందులోని క్లోరిన్ స్టెయిన్‌లెస్‌ను కూడా తింటుంది.

బోరు నీళ్లున్న ఇంట్లో కుచ్చు కొన్ని వారాలకే అట్టకట్టినట్టు బిరుసెక్కుతుంది. సబ్బు, నీళ్లలోని కాల్షియం కలిసి తయారైన మడ్డి అది. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ వేసి అరగంట నానబెడితే వదులుతుంది. సబ్బు కన్నా డిటర్జెంటు ద్రవంతో ఈ మడ్డి తక్కువ.

నీళ్ల పొదుపు దీనితో అదనంగా వచ్చే లాభం. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు దాదాపు ఎండిపోయినప్పుడు నగరం ఒక్కో చెంబూ లెక్కపెట్టుకుంది. నూలు కుచ్చు నురగను పట్టి ఉంచుతుంది కాబట్టి కుళాయి కట్టేసి వరసగా గ్లాసులన్నీ తోమి, చివర్లో ఒకేసారి కడగొచ్చు.

ఇక ఆరబెట్టడం. స్పాంజిలు, బ్రష్షుల మీద నార్వేలోని నోఫిమా సంస్థ చేసిన పరిశోధనలో, వాడకాల మధ్య ఆరే బ్రష్షు మీద సాల్మొనెల్లా బాగా తగ్గిపోయింది. తడిగా ఉండే స్పాంజిలో నిలిచే ఉంది. నూలు కుచ్చు ఆరే విషయంలో బ్రష్షుకన్నా స్పాంజికే దగ్గర. కాబట్టి సబ్బు గిన్నెలో నిలబెట్టి ఉంచే అలవాటు దీనికి అస్సలు పనికిరాదు. గట్టిగా పిండి, కుచ్చు కిందికి వచ్చేలా కొక్కేనికి తగిలించాలి. సింకు కింది అరలో కాకుండా, కిటికీ కమ్మీకి. వానాకాలంలో రాత్రికి రాత్రి ఆరదు; రెండు కుచ్చులు పెట్టుకుని రోజు విడిచి రోజు మార్చి వాడాలి. పోగులు మూడో వంతు పొట్టివైనా, మరిగించాక కూడా వాసన వదలకపోయినా దారం కోసి పోగులన్నీ తీసేసి, అదే గొట్టం మీద కొత్తవి కట్టుకోవచ్చు. అరగంట పని.